యోబు పెట్టని సంతకం
(పద్నాలుగో భాగం)

పోయిన వారం మనం లింగస్వామి సారును ఏసమ్మ ఇంటి ముందు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా పాపం అక్కడే ఉన్నాడనుకునేరు. కథలో గడిచింది ఒక్క నిమిషమే. చేతిలో మడత పెట్టిన రెండు కాగితాలు, జేబులో పెన్ను, లోపలికి పోవాలా వద్దా అని తలుపు వైపు చూస్తూ నెత్తిన చేతిరుమాలు వేసుకున్న రిటైర్డు డ్రిల్లు మాస్టారు ఆయన.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్న వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఆరు ఊళ్ల జట్లు టికెట్టు పెట్టి ఆడే బాస్కెట్‌బాల్ లీగులో మేడ్చల్ జట్టును తయారు చేసింది లింగస్వామి. ఆ జట్టుకు తన రెండెకరాల చెలకలో మైదానం కట్టించి ఇచ్చింది పెద్దపటేలు నర్సిరెడ్డి. ఆయన కాలం చేశాక జట్టూ, మైదానమూ కొడుకు రాకేష్ చేతికి వచ్చాయి. ఆ మైదానంలో ఆడి, పదకొండు మెట్ల గ్యాలరీని ప్రతి ఆదివారం నింపినవాడు యోబు. పోయిన డిసెంబరులో యోబును శామీర్‌పేట జట్టుకు ఇచ్చేసి, బదులుగా అక్కడి నుంచి ఆరున్నర అడుగుల పొడగరులను ఇద్దరిని తెచ్చుకున్నారు. ఇప్పుడు రెండువేల నాలుగు ఏప్రిల్. గ్యాలరీలో మనుషులు లేరు. మొన్న సోమవారం రాకేష్ మైదానం నాలుగు మూలలా సున్నం కొట్టిన హద్దురాళ్లు పాతించాడు. "ఆదివారం మ్యాచికి గ్యాలరీ నిండితె రాళ్లు పీకిస్త సార్. నిండకుంటె సోమవారం జేసీబీ వస్తది, ప్లాట్లు కొడత" అన్నాడు. ఆ ఆదివారం రేపే. రేపు మేడ్చల్ మీద ఆడబోయేది శామీర్‌పేట.

లింగస్వామికి నాలుగు నెలలుగా నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. యోబు ఉన్నప్పుడు జట్టు రెండు ఆటలాడితే ఒకటి ఓడేది. ఆ పొడగరులు వచ్చాక పదకొండు ఆటల్లో తొమ్మిది గెలిచింది. బంతి రింగు దగ్గరికి వస్తే చాలు, ఆ ఇద్దరూ చేతులు పైకెత్తి అందుకుంటారు, కింద ఉన్నవాళ్లకు ఇక పనే లేదు. లీగు పట్టికలో మేడ్చల్ పేరు మొదటిసారి పైకి ఎక్కింది. పేరు పైకి ఎక్కినకొద్దీ జనం మెట్లు దిగి వెళ్లిపోయారు.

ముప్పై ఒక్క ఏళ్లు ప్రార్థనలో పిల్లల వరుసలు లెక్కపెట్టిన కళ్లు ఆయనవి. గ్యాలరీని చూడగానే ఎంతమంది ఉన్నారో చెప్పేస్తాడు. యోబు వెళ్లిన తర్వాతి ఆదివారం ఏడు మెట్లు నిండాయి. చలి ఎక్కువగా ఉందిలే అనుకున్నాడు. ఆ పై వారం నాలుగు మెట్లు. పంట కోతలు అనుకున్నాడు. శివరాత్రి నాటికి ఒకటిన్నర మెట్టు. పరీక్షల కాలమని సర్ది చెప్పుకున్నాడు. పోయిన ఆదివారం మాత్రం సర్ది చెప్పుకోవడానికి ఏ సాకూ దొరకలేదు. అరవై ముగ్గురు వచ్చారు, అందులో ఒకరు డ్యూటీ మీద వచ్చిన కానిస్టేబులు. ఆ అరవై ముగ్గురి ముందు మేడ్చల్ ముప్పై పాయింట్ల తేడాతో గెలిచింది. చప్పట్లు కొట్టింది పల్లీలమ్మే బాలనర్సమ్మ ఒక్కతే. అదీ కాసేపే.

"గెలిస్తె ఏం జేస్త సారూ," అంది ఆమె ఆ సాయంత్రం గంప నెత్తికెత్తుకుంటూ. "యోబు ఆడితె జనం పల్లీలు నోట్ల ఏసుకునుడు మర్శిపోయి చేతుల వట్టుకోని కూసుందురు. ఆట అయిపోయినంక ఇంకో పొట్లం కొందురు. గీ పొడుగోళ్లు ఆడితె ఏమున్నది, చెట్టెక్కకుంట కాయ దెంపినట్టు. వచ్చే వారం నేను గూడ శామీర్‌పేటకే పోత, ఏమనుకోకు."

జనమంతా అక్కడికే వెళుతున్నారు. గండిమైసమ్మ చౌరస్తాలో ఆదివారం మధ్యాహ్నం జీపులు వరుసగా నిలబడి శామీర్‌పేటకు మనుషులను ఎక్కించుకుంటున్నాయి. బౌరంపేట నుంచి ట్రాక్టర్లు పోతున్నాయి. యోబును "పైసలకు అమ్ముడువోయిండు" అని తిట్టుకుంటూనే పోతున్నారు. తిట్టడానికైనా వాడినే చూడాలి కదా మరి.

"ఆట పెద్దది, ఆడేటోడు కాదు" అని లింగస్వామి ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పేవాడు. యోబును ఇచ్చేసినప్పుడు రాకేష్ తటపటాయిస్తే అతనికీ అదే చెప్పాడు. జనం ఆట కోసం వస్తారని, గెలిచే జట్టు కోసం వస్తారని మనసారా నమ్మాడు. ఆ నమ్మకంతోనే బదిలీ కాగితంలో తన చేత్తో ఒక షరతు కూడా రాశాడు. ఈ సీజనులో మేడ్చల్ మైదానంలో మేడ్చల్ జట్టు మీద యోబు ఆడకూడదని. సొంత శిష్యుడు సొంత మైదానానికి వచ్చి తనను ఓడిస్తాడేమో అన్న భయం అది. శామీర్‌పేట వాళ్లు నవ్వి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ షరతే మెడకు చుట్టుకుంది. గ్యాలరీ నిండాలంటే రేపు యోబు ఆడాలి. మైకు ఆటో గురువారం నుంచి "మన యోబు మన గ్రౌండుకు వస్తుండు" అని ఊరూరా అరుస్తోంది, పంపింది లింగస్వామే. శామీర్‌పేట వాళ్లను బతిమాలితే షరతు తీసేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. లీగు నిబంధన ప్రకారం ఆటగాడి సంతకం కూడా కావాలన్నారు. అందుకే ఆయన ఇక్కడ నిలబడి ఉన్నాడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఎంతసేపని ఎండల నిలవడ్తరు సారు. లోపలికి రండ్రి," అంది ఏసమ్మ.

చర్చి వెనుక రేకుల ఇల్లు అది. ఏసమ్మ చర్చి హాస్టల్లో వంట చేస్తుంది. మొగుడు పోయినప్పుడు యోబుకు రెండేళ్లు, కూతురు కెజియా కడుపులో ఉంది. యోబును డ్రిల్లు పీరియడులో పట్టుకుని బంతి చేతికిచ్చిన నాటి నుంచి, లింగస్వామి ఈ గుమ్మం దాటితే చాలు ఏసమ్మ కొంగుతో కుర్చీ తుడిచేది. ఇవాళ తుడవలేదు. నీళ్లు మాత్రం ఇచ్చింది.

యోబు మంచం మీద కూర్చుని బూట్లకు తాళ్లు ఎక్కిస్తున్నాడు. ఇరవై ఆరేళ్ల వాడు, సన్నగా, ఇంట్లో తల ఎక్కడా తగలనంత మామూలు ఎత్తు. సారును చూసి లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్ల అలవాటు అది, కోపంలోనూ పోలేదు. నాలుగు నెలల్లో వాళ్లిద్దరూ ఎదురుపడటం ఇదే మొదలు.

"మంచిగున్నవా?" అన్నాడు లింగస్వామి.

"ఉన్న సారు."

"కెజియా బిడ్డ?"

"మంచిగున్నది. బోర్ల వడ్తాంది."

లింగస్వామి కొత్త కాగితం విప్పాడు, షరతు ఉన్న డిసెంబరు కాగితం చేతిలోనే ఉంచుకున్నాడు. షరతు సంగతి, హద్దురాళ్ల సంగతి, జేసీబీ సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే నచ్చలేదు. వడ్డీ వ్యాపారి దగ్గర నిలబడినవాడి గొంతులా ఉంది.

"శామీర్‌పేటోళ్లు ఒప్పుకున్నరు యోబూ. గీ కాగితం మీద నీ సంతకం ఒక్కటి కావాలె. రేపు నువ్వు మా మీదనే ఆడు. మమ్ములను ఓడగొట్టు, ఫికర్ లేదు. గ్రౌండు బతుకుతది."

యోబు కాగితం తీసుకోలేదు. "గా షరతు ఎవలు రాసిండ్రు సారు?"

"నేనే."

"ఎందుకు?"

"నువ్వొస్తె ఓడిపోతమని భయపడ్డ."

"ఓడిపోతె ఏమైతుండె?"

ఓడిపోయినా గ్యాలరీ నిండిన రోజులు లింగస్వామి కళ్ల ముందు కదిలాయి, ఆ రోజుల్లో ఈ పిల్లవాడు ఓడి కూడా జనం భుజాల మీద బయటికి వచ్చేవాడు.

యోబు చెయ్యి చాచాడు. "రెండో కాగితం ఇయ్యుండ్రి సారు. డిసెంబర్ల రాసింది."

లింగస్వామి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. "దాంతోని ఏం పని?"

"మా అమ్మ చూడలె దాన్ని. ఒకసారి చూడనియ్యుండ్రి."

ఆయన ఇవ్వలేదు. ఏసమ్మే వచ్చి ఆయన చేతి నుంచి తీసుకుంది, గుంజుకోలేదు, పిల్లల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు మెల్లగా. రోజూ బైబిలు చదివే మనిషి, చదువు బాగానే వచ్చు. పైనుంచి కింది దాకా చదివింది. కింద ఆటగాడు అన్న చోట యోబు పేరుతో సంతకం ఉంది. గూట్లోంచి కొడుకు పాటల పుస్తకం తీసి, మొదటి పేజీలో వాడు రాసుకున్న పేరు పక్కన ఈ కాగితం పెట్టింది.

"గిది నా కొడుకు రాత కాదు," అంది.

హాస్టలు పిల్లలు బయట బోరింగు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఈ సంతకం కథ చెప్పకపోతే లింగస్వామికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆయన దొంగ కాదు. తాలూకా పోటీల ఫారాలు సాయంత్రంలోగా పంపాలని మధ్యాహ్నం కబురు వచ్చేది. నలభై మంది పిల్లల తండ్రులు పొలాల్లోనో, క్వారీల్లోనో ఉండేవాళ్లు. తండ్రి చోట లింగస్వామే సంతకం చేసేవాడు. తొందర ఎక్కువైతే పిల్లవాడి చోట కూడా ఆయనే చేసేవాడు. మేడ్చల్లో దాన్ని ఎవరూ తప్పనలేదు, సారు ఉన్నాడులే అని నిశ్చింతగా ఉన్నారు. తండ్రి లేని యోబుకైతే ప్రతి ఫారమూ, ప్రతి బస్సు పాసూ, లీగులో చేరిన ఒప్పందమూ ఆయన చేతి మీదుగానే పోయాయి. వాడి పేరు రాయడం ఆయనకు తన పేరు రాసినంత అలవాటు. డిసెంబరులో బదిలీలకు ఆఖరి రోజున యోబు నాగారంలో ఆసుపత్రి దగ్గర ఉన్నాడు, కెజియాకు కాన్పు కష్టమైంది. ఫోను కలవలేదు. వాడికి నేను చెబుతాగా అనుకుని లింగస్వామి ఎప్పటిలాగే సంతకం పెట్టేశాడు. ఈసారి అది పోటీకి పంపే ఫారం కాదని, ఒక మనిషిని ఇంకొకరికి ఇచ్చేసే కాగితమని ఆయన చేతికి తట్టలేదు. చెప్పేలోపే మైకు ఆటో బయలుదేరింది. మేనకోడలు పుట్టిందన్న సంతోషంతో నాగారం నుంచి తిరిగి వస్తున్న యోబు, తాను ఇక మేడ్చల్ ఆటగాడు కాదన్న సంగతి చౌరస్తాలో బస్సు దిగుతూ ఆ మైకులో విన్నాడు. జనం అడిగితే లింగస్వామి "వాడే పోతనన్నడు" అన్నాడు. ఒక్కసారే అన్నాడు, అది చాలింది.

"అలవాటుల పెట్టిన ఏసమ్మా," అన్నాడు ఇప్పుడు. ఆ మాట ఎంత చిన్నదో బయటికి వచ్చాక తెలిసింది.

ఏసమ్మ ఆయన వైపు చూడలేదు, కొడుకు వైపు చూసింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తె నువ్వు సారును తిడ్తవని."

"నాలుగు నెలలు," అంది ఏసమ్మ. గొంతు పెంచలేదు, పెంచి ఉంటే లింగస్వామికి తేలికగా ఉండేది. "నాలుగు నెలలు చర్చిల నా పక్కన కూసునేటోళ్లు దూరం జరిగి కూసున్నరు. అమ్ముడువోయినోని తల్లి అన్నరు. నేను గూడ నమ్మిన సారు. తల్లికి ఒక్క మాట చెప్పకుంట సంతకం వెట్టొచ్చినవారా అని, ఇంటికి వస్తె ఒకపూట అన్నం వెట్టలె వీనికి. తల వంచుకోని పోయిండు గని మీ పేరు ఎత్తలె."

ఖాళీ గ్యాలరీని చూసి లింగస్వామి ఇంతకంటే పెద్ద దుఃఖం లేదనుకున్నాడు నాలుగు నెలలుగా. ఇప్పుడు ఈ పిల్లవాడు అన్నం లేకుండా ఈ గుమ్మం దిగి వెళ్లడం కనిపించింది. గ్యాలరీ చిన్నదైపోయింది.

"యోబూ, తప్పయింది," అన్నాడు. "గిప్పుడు నువ్వే పెట్టు. నీ చేతులతోని."

పెన్ను చాచాడు. యోబు దాన్ని చూసి, చాలా మెల్లగా, మర్యాదగానే అన్నాడు.

"నా సంతకం మీకే మంచిగొస్తది గద సారు. మీరే పెట్టుకోండ్రి."

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. లింగస్వామి పెన్ను జేబులో పెట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు, జేబు దొరకలేదు.

ఆయన గుమ్మం దిగుతుంటే యోబు వెనుక నుంచి పిలిచాడు. "రేపు వస్త సారు. బూట్లు గూడ దెస్త. ఆట షురూ కాకముందు మీరు మైకుల జనానికి చెప్పుండ్రి, గా సంతకం ఎవలు పెట్టిండ్రో. మా అమ్మ గ్యాలరీల కూసోని వినాలె. గది అయినంక గీ కాగితం మీద నేను పెడ్త."

ఆ సాయంత్రమంతా లింగస్వామి మైదానంలో హద్దురాళ్ల మధ్య తిరిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు 'సారు' అనిపించుకున్న ఊళ్లో, ఆ పిలుపును తన చేత్తో తానే తుడిచేసుకోవాలి. ప్రాణం పోయినట్టే ఉంది. అయినా పేరు పోతే పోయింది, గ్రౌండు మిగులుతుంది, రేపు ఇంకో యోబు ఇక్కడ బంతి పట్టుకుంటాడు అనుకున్నాడు. ఆశ కాదది, మునిగేవాడు దేన్నైనా పట్టుకుంటాడు కదా, అది.

ఆదివారం నాలుగు గంటలకల్లా జనం వచ్చారు. గండిమైసమ్మ జీపులు ఈసారి ఇటు తిరిగాయి. బౌరంపేట ట్రాక్టర్లు గేటు బయట ఆగాయి. బాలనర్సమ్మ రెండు గంపలతో వచ్చి, ఒకటి మనవరాలికి అప్పగించి, ఏమీ ఎరగనట్టు తన పాత చోటులో కూర్చుంది. లింగస్వామి కింది నుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో మెట్టు మీద ఏసమ్మ, చుట్టూ చర్చి ఆడవాళ్లు, ఆమెకూ వాళ్లకూ మధ్య మూరెడు ఖాళీ. ఏడు, ఎనిమిది. పదకొండో మెట్టు కూడా నిండింది. ప్రహరీ గోడ మీద, నీళ్ల ట్యాంకు మీద కూడా మనుషులే. నాలుగు నెలల తరువాత ఆయన గుండె ఒక్క క్షణం కొట్టుకోవాల్సినట్టు కొట్టుకుంది. గేటు దగ్గర తెల్ల జీపుకు ఆనుకుని ఉన్న రాకేష్ దూరం నుంచే బొటనవేలు పైకి చూపించాడు.

శామీర్‌పేట బెంచీ మీద యోబు కూర్చున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు, ఆట బనీను మాత్రం మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

లింగస్వామి మైకు తీసుకున్నాడు. స్కోరు బల్ల దగ్గర లీగు అధికారి దుర్గాబాయి కూర్చుని ఉంది. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడిన మనిషి, ఇప్పటికీ చీర కింద కాన్వాసు బూట్లే వేస్తుంది. నిబంధన అంటే నిబంధనే అనే రకం. ఆమె అక్కడ ఉందన్న సంగతి లింగస్వామికి తెలుసు. దాని అర్థం మాత్రం తెలియలేదు, ఆయన మనసంతా మూడో మెట్టు మీదే ఉంది.

"నేను లింగస్వామిని మాట్లాడుతున్న," అన్నాడు. "డిసెంబర్ల యోబు ఈ జట్టు ఇడిసిపెట్టి తనంతట తాను పోయిండని నేను చెప్పిన. గది అబద్ధం. వాడు పోతనన్లె. వాన్ని అడగలె. బదిలీ కాగితం మీద వాని సంతకం నేను పెట్టిన. వాన్ని తిట్టినోళ్లు, వాని తల్లిని అన్నోళ్లు ఎవలైన ఉంటె, గవన్నీ నన్ను అనాల్సిన మాటలు."

పై మెట్టు నుంచి ఎవడో, "అయితే ఏంది సారూ, యోబును దించుండ్రి, ఆట షురూ చెయ్యుండ్రి," అన్నాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. జీవితమంతా పోగేసుకున్న పరువును నడిబజార్లో దించి పెడితే, వాళ్లు దాన్ని పక్కకు జరిపి ఆట అడుగుతున్నారు. నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. మూడో మెట్టు మీద చర్చి పెద్దావిడ ఒకామె మాత్రం లేచి, ఏసమ్మ పక్కన ఖాళీగా ఉన్న మూరెడు చోటులో కూర్చుంది.

అప్పుడు దుర్గాబాయి లేచి నిలబడింది.

"సార్, ఇప్పుడు మీరు చెప్పింది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"మీరు ఇది మైకులో చెప్పకుండా ఉండాల్సింది," అంది ఆమె. కోపంగా కాదు, జాలిగా. "విన్నాక నేను విననట్టు ఉండలేను. ఆటగాడు సంతకం పెట్టని బదిలీ చెల్లదు. అంటే ఈ అబ్బాయి శామీర్‌పేట వాడు కాడు, మీ దగ్గరున్న పొడగరులు ఇద్దరూ మీ వాళ్లు కారు. విచారణ తేలేదాకా ముగ్గురిలో ఎవరూ ఏ జట్టుకూ ఆడటానికి వీల్లేదు. ఎవరు ఏ జట్టు వాళ్లో తేలకుండా ఈ మ్యాచ్ నేను జరిపించను."

లింగస్వామికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్యాలరీ వైపు తిరిగి చూశాడు. పదకొండు మెట్లూ నిండుగా ఉన్నాయి. ఆట లేదని తెలిస్తే పది నిమిషాల్లో ఖాళీ అవుతాయి. గేటు దగ్గర రాకేష్ జీపుకు ఆనుకోవడం మానేసి నిటారుగా నిలబడ్డాడు. ఏ మాటతో గ్రౌండును కాపాడాననుకున్నాడో ఆ మాటతోనే దాన్ని పూడ్చేశాడు.

"ఏదన్న తొవ్వ ఉంటె చెప్పమ్మా," అన్నాడు. చేతులు జోడించాడని ఆయనకే తెలియదు.

దుర్గాబాయి రెండు తెల్ల కాగితాలు తీసి, ఒక్కో దాని మీద రెండేసి వాక్యాలు రాసి, బల్ల మీద పక్కపక్కనే పెట్టింది.

"యోబూ, ఇలా రా," అని పిలిచింది. అతను వచ్చాక, పక్కవాళ్లకు మాత్రమే వినిపించేటట్టు చెప్పింది. "ఎడమ కాగితంలో నువ్వు చెబుతున్నట్టు, డిసెంబరులో సార్ నా మాట మీదే సంతకం పెట్టారు, ఈ బదిలీ నాకు సమ్మతమే, ఈ రోజు ఇక్కడ ఆడటానికీ సమ్మతమే అని ఉంది. దాని మీద నువ్వు సంతకం పెడితే అన్నీ చెల్లుతాయి. మ్యాచ్ ఇప్పుడే మొదలుపెడతాను. కానీ ఒప్పందం ప్రకారం ఇంకా మూడేళ్లు నువ్వు శామీర్‌పేట ఆటగాడివే, మళ్లీ మేడ్చల్‌కు రాలేవు. కుడి కాగితంలో, నన్ను అడగలేదు, నేను ఒప్పుకోలేదు అని ఉంది. దాని మీద పెడితే నువ్వు మేడ్చల్ వాడివే. కానీ ఈ రోజు ఆట లేదు. నువ్వు ఎవరి ఆటగాడివో నువ్వే చెప్పు."

ఆ ప్రశ్న యోబును ఎవరైనా అడగడం అదే మొదటిసారి. పన్నెండేళ్లుగా రోజూ అతన్ని చూస్తూ, తానైనా ఒక్కసారి అడగలేదన్న సంగతి లింగస్వామికి అప్పుడు తెలిసింది. ఎడమ కాగితం మీద పెడితే గ్రౌండు ఉంటుంది, యోబు ఉండడు, తల్లి ముందు ఇప్పుడే కడిగిన మచ్చను వాడే మళ్లీ పూసుకోవాలి. కుడి కాగితం మీద పెడితే యోబు మేడ్చల్ వాడే, కానీ రేపటి నుంచి మేడ్చల్లో ఆడటానికి చోటే ఉండదు. రెండింటిలో దేన్ని కోరుకోవాలో కూడా ఆయనకు తోచలేదు. కోరుకునే హక్కు తనకు లేదని మాత్రం తోచింది.

గ్యాలరీలో కొందరు ఈలలు వేస్తున్నారు. యోబు తలెత్తి మూడో మెట్టు వైపు చూశాడు. ఏసమ్మ తలూపలేదు, చెయ్యి కదిలించలేదు. నీ ఇష్టం బిడ్డా అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

అతను బల్ల మీది పెన్ను తీసుకుని వంగాడు. అంతలో ఆగి, "సారు, జర ఇటు రండ్రి," అన్నాడు.

లింగస్వామి దగ్గరికి వెళ్లాడు.

"నేను ఇప్పటిదాకా ఆట కాగితం మీద ఒక్క సంతకం గూడ పెట్టలె," అన్నాడు యోబు. గొంతులో వెటకారం లేదు, స్కూల్లో సందేహం అడిగినట్టే అడుగుతున్నాడు. "లీగు పుస్తకంల నా సంతకమంటె మీరు పెట్టిందే ఉన్నది. దానితోని కలవాలె గద. ఎట్ల పెడ్తరో ఒకసారి చూపియ్యుండ్రి."

లింగస్వామి గాలిలో వేలితో ఆ పేరు రాసి చూపించాడు, పన్నెండేళ్లుగా రాసినట్టే. యోబు శ్రద్ధగా చూశాడు, తలూపాడు, పెన్ను కాగితం మీద ఆనించాడు.

ఆ రెండు కాగితాల్లో పెన్ను దేని మీద ఆనిందో బల్ల పక్కన ఉన్న ముగ్గురికే కనిపించింది, మనం వచ్చే వారం దాకా ఆగాలి. దుర్గాబాయి కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. లింగస్వామి "వద్దు బిడ్డా" అని చెయ్యి చాచాడు, కానీ అప్పటికే యోబు తన పేరులో మొదటి అక్షరం రాసేశాడు.